వలస కాలపు అమెరికా రచనల్లో సాహిత్యం ఎక్కడుంది? నాకు కనబడటం లేదు

నత్తనడక చదువరి:

అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా ఎమ్మే ఇంగ్లిష్ కట్టాను. అమెరికన్ సాహిత్యం పేపర్లో మొదటి యూనిట్ వలస కాలం, అంటే 1607లో వర్జీనియాలో జేమ్స్‌టౌన్ అనే ఇంగ్లిష్ కాలనీ మొదలైన దగ్గర్నుంచి అమెరికా స్వాతంత్ర్య విప్లవం ముందు వరకు. పది రోజులుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను. ఓడలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది పోయారు, చలికాలంలో ఏం దొరికింది, దేవుడు ఎందుకు కోప్పడ్డాడు, ఎంత చదివినా ఇదే. కథ లేదు, నాటకం లేదు, నవల ఊసే లేదు. ఒక గవర్నర్ రాసుకున్న చరిత్ర, ఇంకో గవర్నర్ డైరీ, పాదిరీల ప్రసంగాలు, ఒక కీర్తనల పుస్తకం. ఇవన్నీ ఏ రికార్డు రూములోనో ఉండాల్సిన కాగితాలు కదా, సాహిత్యం పేపర్లోకి ఎలా వచ్చాయి? మొదట పుట్టాయి కాబట్టి గౌరవంగా ముందు వరసలో కూర్చోబెట్టారా?

నా దగ్గరున్న నోట్సులో "ప్యూరిటన్ల సాదా శైలి" అనే ఒక్క ముక్కని (ప్యూరిటన్లంటే చర్చిలో ఆడంబరాలు వద్దన్న ఇంగ్లిష్ ప్రొటెస్టెంట్లు) నాలుగు పేజీలు సాగదీశారు. పరీక్షకి అది చాలేమో గానీ నాకు అర్థం కావడం లేదు.

ఇంకో చిన్న గందరగోళం కూడా ఉంది. తెలుగులో ఏమైనా దొరుకుతుందేమోనని "వలస సాహిత్యం" అని వెతికితే పనికోసం ఊళ్లు వదిలి వెళ్లినవాళ్ల కథలు వస్తున్నాయి. అసలు దీన్ని తెలుగులో ఏమంటారు? ఎక్కడ మొదలుపెడితే నిద్ర రాకుండా చదవొచ్చో చెప్పండి.

పాత అట్టల వాసన:

మీ చిన్న గందరగోళం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అది అంత చిన్నదేం కాదు. తెలుగులో వలస అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ఊరు వదిలి పోవడమూ వలసే, ఇంకొకరి నేలని ఏలడమూ వలస పాలనే. చాలా దేశాల్లో ఈ రెండూ వేరువేరు మనుషుల కథలు: ఏలడానికి వచ్చినవాడు కొన్నాళ్లుండి పోతాడు, ఆ తర్వాత మనం చదువుకునే సాహిత్యం ఎక్కువగా ఏలుబడిలో ఉన్నవాళ్లు రాసింది. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య తీరంలో, అలా కాదు. వచ్చినవాళ్లు ఉండిపోవడానికే వచ్చారు, రాసిందీ ముఖ్యంగా వాళ్లే. అందుకని వాళ్ల పుస్తకాలకి వలస అన్న మాట రెండు అర్థాల్లోనూ అతుకుతుంది. ఇల్లు వదిలి వచ్చినవాడి దిగులూ, ఇంకొకరి ఇంట్లో దిగి ఇది ఖాళీగానే ఉంది అని దబాయించేవాడి గొంతూ ఒకే పేజీలో వినిపిస్తాయి. నాకు ఈ రచనలు రుచించింది ఆ రెండు గొంతులూ ఒకేసారి వినడం అలవాటయ్యాకే.

ఇక సాహిత్యమా కాదా అన్నది. ఆ ప్రశ్న పక్కన పెట్టి, పుస్తకం తెరిచినప్పుడల్లా ఇది ఎవరు చదవాలని రాశాడు అని అడగండి. చాలావాటికి జవాబు ఒక్కటే, సముద్రం అవతలివాళ్లు. పెట్టుబడి పెట్టినవాళ్లు, రాజుగారి మనుషులు, వెనక మిగిలిపోయిన బంధువులు, తమని పిచ్చివాళ్లనుకుంటున్న పాత ఊరివాళ్లు. థామస్ హారియట్ 1588లో వర్జీనియా గురించి రాసిన చిన్న పుస్తకం చూడండి, అక్కడ ఏం పండుతుంది, ఏం అమ్మొచ్చు, మనుషులు ఎలా ఉంటారు అని వరసగా చెప్పుకుపోతాడు, అక్కడి రోనోక్ అనే ఇంగ్లిష్ కాలనీ మీద అప్పటికే వచ్చిన చెడ్డపేరు కడగడం దాని అసలు పని. ఇప్పటి రియల్ ఎస్టేట్ బ్రోషర్‌కి పెద్దన్నయ్య అనుకోండి.

జాన్ స్మిత్ ఇంకా సరదా మనిషి. ఈయన 1608లో జేమ్స్‌టౌన్ గురించి మొదటి పుస్తకం అచ్చు వేయించాడు. పౌహాటన్ అనే నాయకుడికి తాను బందీగా చిక్కిన సంగతి అందులో ఉంది, ఆయన మర్యాదగా చూసుకున్నాడనీ ఉంది. తల బండమీద పెట్టి కొట్టబోతుంటే నాయకుడి కూతురు పోకహాంటస్ అడ్డుపడి కాపాడిందనే ఘట్టం మాత్రం లేదు. ఆ కథ పూర్తిగా కనబడేది 1624లో వచ్చిన పెద్ద పుస్తకంలో. అప్పటికి పోకహాంటస్ లేదు, 1617లో ఇంగ్లండ్‌లోనే పోయింది, మరుసటేడు తండ్రీ పోయాడు. కాదు అనేవాళ్లు లేరు. పైగా ఆ పెద్ద పుస్తకంలో తన గురించి తాను "కెప్టెన్ స్మిత్ ఇలా చేశాడు" అని మూడో మనిషిలా చెప్పుకుంటాడు. కథ లేదన్నారు మీరు, కల్పన ఎక్కడ మొదలవుతుందో పట్టుకునే పని పాఠకుడి మీద పెట్టిన రచయిత ఈయన.

మీరు రికార్డు రూము కాగితం అన్న గవర్నర్ చరిత్ర విలియం బ్రాడ్‌ఫర్డ్‌దే అయితే, దయచేసి దాన్ని ఇంకోసారి తీయండి. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు వచ్చారు, మొదటి చలికాలం గడిచేసరికి దాదాపు సగం మంది లేరు. బ్రాడ్‌ఫర్డ్ 1630లో రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ల పాటు రాశాడు. ఒడ్డున దిగిన ఘట్టంలో ఆయన ఆగి నిలబడతాడు: ఎదురొచ్చి పలకరించే స్నేహితులు లేరు, అలసిన ఒంటికి సత్రం లేదు, వెనక్కి చూస్తే సముద్రం, ముందుకు చూస్తే అడవి, మృగాలు, మృగాల్లాంటి మనుషులు. గొప్ప వాక్యాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయితే వాళ్లు కాపురం పెట్టిన చోటు పటుక్సెట్ అనే ఊరు. 1616 నుంచి మూడేళ్ల పాటు సాగిన అంటురోగం ఆ తీరాన్ని తుడిచిపెట్టేసింది, దున్నిన పొలాలు అలాగే మిగిలాయి. సత్రం లేదన్నది నిజమే, ఊరు మాత్రం ఉండేది.

అదే మనిషి భార్య డొరొతీ 1620 డిసెంబర్‌లో, ఓడ కేప్ కాడ్ దగ్గర లంగరేసి ఉండగా నీళ్లలో పడి చనిపోయింది. అన్ని చావులు రాసిన మనిషి కథనంలో ఆ చావు లేదు. చివర్లో ప్రయాణికుల జాబితాలో వచ్చిన కొద్ది రోజులకే భార్య పోయిందని ఒక్క ముక్క ఉంటుంది, అంతే. ప్యూరిటన్ల సాదా శైలి అని మీ నోట్సు నాలుగు పేజీలు రాసిందన్నారు కదా, నన్నడిగితే ఆ ఒక్క ముక్క చూపిస్తాను.

మూడో బెంచి:

అట్టల వాసన గారు ఎప్పటిలాగే బాగా రాశారు గానీ నేను నత్తనడక గారి పక్షం. అన్నిటికీ లోతు వెతికి పెట్టి బోరు కొట్టేదాన్ని బోరు అనకుండా చేయడం మాస్టార్ల పని. మీరన్న ఇంకో గవర్నర్ డైరీ, అదే మసాచుసెట్స్ గవర్నర్ విన్‌త్రాప్‌ది, నేను రెండు సార్లు మొదలుపెట్టి రెండు సార్లూ వదిలేశాను. కాటన్ మాథర్ 1702లో వేసిన చర్చి చరిత్ర అయితే ఎత్తితే చెయ్యి నొప్పి, చదివితే తల నొప్పి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, మనకి బోరు అయినవి వాళ్లకి కావు. మైకేల్ విగిల్స్‌వర్త్ అనే పాదిరీ 1662లో ప్రళయ దినం తీర్పు మీద 224 చరణాల పద్యం రాశాడు. పొట్టి పాదాలు, లోపల ప్రాసలు, జోలపాటలాంటి నడక, చెప్పేది మాత్రం నరకం గురించి. పుట్టగానే చనిపోయిన పసిపిల్లలు కూడా దేవుడి ముందు వాదించుకుంటారు, మేమేం చేశాం, ఆదాము చేసిన తప్పుకి మమ్మల్నెందుకు అంటారు, సరేలే అని దేవుడు వాళ్లకి నరకంలో కాస్త సులువైన గది ఇస్తాడు. నిజంగానే అలా ఉంది, నేను కల్పించలేదు. ఏడాదిలో 1,800 ప్రతులు అమ్ముడుపోయాయి, పిల్లల చేత కంఠతా పట్టించారు. మొదటి ముద్రణ పూర్తి ప్రతి ఒక్కటి కూడా మిగల్లేదంటారు, చదివి చదివి చింపేశారన్న మాట. సూపర్ హిట్ అంటే అదీ. టేస్ట్ సంగతి అడక్కండి.

అలాగే మీరు చెప్పిన కీర్తనల పుస్తకం, 1640లో కేంబ్రిడ్జ్‌లో (మసాచుసెట్స్‌లో ఉన్నది) అచ్చయింది, ఇంగ్లిష్ కాలనీల్లో అచ్చయిన మొదటి పుస్తకం అదే. హీబ్రూ నుంచి మాట తప్పకుండా తేవాలన్న పట్టుదలతో ఇంగ్లిష్ వాక్యాన్ని మెలికలు తిప్పేశారు, పైగా దేవుడి పీఠానికి మన నగిషీలు అక్కర్లేదని ముందుమాటలో సమర్థించుకున్నారు కూడా. సుమారు 1,700 వేస్తే ఇప్పుడు 11 మిగిలాయి. అందులో ఒకటి 2013 వేలంలో 1 కోటి 41 లక్షల డాలర్లు పలికింది. ఆ డబ్బుకి నగిషీలు ఎన్ని వచ్చేవో.

జాజిపందిరి:

మూడో బెంచి గారూ, నవ్వించారు. కానీ ఇద్దరూ కలిపి ఇంత రాసి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ పేరు ఎత్తకపోవడం ఏంటండీ? నత్తనడక గారు అడిగింది ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఈవిడ దగ్గర మొదలుపెట్టాలి, ఇంకో మాట లేదు.

1630లో విన్‌త్రాప్ వచ్చిన ఆర్బెల్లా ఓడలోనే ఈవిడా వచ్చింది, అప్పటికి పద్దెనిమిదేళ్లుంటాయి, పెళ్లయింది. కొత్త చోటు చూడగానే మనసు ఎదురుతిరిగిందని తర్వాత పిల్లల కోసం రాసుకున్న కాగితాల్లో ఒప్పుకుంది. ఎనిమిది మంది పిల్లలు. అంత సంసారంలో పద్యాలు రాసింది. రాసినవి ఇంటివాళ్లకీ దగ్గరవాళ్లకీ చూపించేది అంతే. చెల్లెలి మొగుడు జాన్ వుడ్‌బ్రిడ్జ్ ఇంగ్లండ్ వెళ్తూ ఆ రాతప్రతి పట్టుకెళ్లి 1650లో లండన్‌లో అచ్చు వేయించేశాడు, ఈవిడకి చెప్పకుండానే. పుస్తకం పేరు పదో కళాదేవత అమెరికాలో వెలిసింది అనే అర్థం వచ్చేలా పెట్టారు. ముందుమాటలో ఆ మరిదిగారు పడిన తంటాలు చూడాలి: ఇది నిజంగా ఆడమనిషి రాసిందేనండీ, ఇంటి పనులేమీ మానలేదండీ, నిద్ర తగ్గించుకుని రాసిందండీ అని హామీలు. 370 ఏళ్లు దాటింది, ఆ హామీలు ఇవ్వడం ఇంకా పూర్తిగా మానలేదు లోకం.

దానికి ఈవిడ జవాబు ఒక పద్యం. తన పుస్తకాన్ని తన పిల్లతో పోల్చుకుంది. ఎవరో ఎత్తుకెళ్లి చింకి బట్టలతో నలుగురి ముందు నిలబెట్టారు, సిగ్గేసింది, ఇంటికి తిరిగొచ్చాక మొహం కడిగితే ఒక మచ్చ పోతుంది, ఇంకో మచ్చ తేలుతుంది, కాళ్లు సమానంగా ఉండేలా కీళ్లు లాగినా కుంటుతూనే ఉంది. ఇక్కడ కాళ్లంటే పద్యంలో పాదాలు కూడా, ఇంగ్లిష్‌లో ఉన్న ఆ చమత్కారం అనుకోకుండా తెలుగులో అలాగే కుదిరిపోయింది, మనం అదృష్టవంతులం. ఇది చదివాక ఇది రికార్డు రూము కాగితమో కాదో మీరే చెప్పండి.

నిజం చెప్పాలంటే 1650 పుస్తకంలో ఎక్కువ భాగం నాకూ నచ్చదు, నాలుగు భూతాలు, నాలుగు రాజ్యాలు అంటూ చదువుకున్న చదువంతా ఒలకబోసింది. అవతలి ఒడ్డు పండితుల ముందు పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. ఆ ఒడ్డుని మర్చిపోయి ఇంట్లోవాళ్లకోసం రాసినవి వేరే లెవెల్. 1666 జూలై 10 రాత్రి ఇల్లు కాలిపోయింది, దాని మీద పద్యం ఉంది. మొదట ఇచ్చినవాడే తీసుకున్నాడు అని దేవుడికి దణ్ణం పెట్టేస్తుంది. ఆ తర్వాత ఆ దారిన నడిచినప్పుడల్లా కళ్లు అటే పోతాయి, ఇక్కడ పెట్టె ఉండేది, అక్కడ కూర్చునేదాన్ని, నీ బల్ల దగ్గర ఇక అతిథులు కూర్చోరు, నీలో కొవ్వొత్తి వెలగదు అని బూడిదతో మాట్లాడుతుంది. మళ్లీ తనని తానే మందలించుకుని, ఇదంతా మాయ, అసలు ఇల్లు పైన ఉందని ముగిస్తుంది. ముగింపుని ఆవిడే నమ్మిందో లేదో నాకు అనుమానం. ఆ పద్యం ఆవిడ బతికుండగా అచ్చు కాలేదు, 1678లో బోస్టన్‌లో వేసిన రెండో ముద్రణలోనూ లేదు, 1867లో గానీ పుస్తకంలోకి రాలేదు.

నత్తనడక చదువరి:

జాజిపందిరి గారూ, ఇల్లు కాలిన పద్యం రాత్రే చదివాను. మా సిలబస్‌లో ఈవిడ పద్యం ఒక్కటే ఉంది, భర్త మీద రాసింది, దాన్ని బట్టి ఈవిడ ఇలా కూడా రాస్తుందని అనుకోలేదు. మళ్లీ చదవాలి.

అట్టల వాసన గారు పటుక్సెట్ అనే ఊరి గురించి చెప్పిన దగ్గర్నుంచి ఒకటే ఆలోచన. ఆ ఊరివాళ్ల మాటలు ఎక్కడైనా ఉన్నాయా? ప్రతి పుస్తకంలోనూ వాళ్లు చెట్ల వెనక నించుని ఉంటారు, మాట్లాడరు. వాళ్లవైపు నుంచి ఏమీ లేదంటే ఈ యూనిట్ సగం యూనిట్టే కదా.

చెక్క అక్షరాలు:

ఉన్నాయి, కాకపోతే వాళ్ల పేరుతో ఉన్న అట్టల మధ్య వెతికితే తక్కువ, వేరేవాళ్ల పుస్తకాల లోపల వెతకాలి. నేను ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ దారిలోనే చెప్తాను.

జాన్ ఎలియట్ అనే పాదిరీ బైబిల్‌ని అక్కడి మూలవాసుల మసాచుసెట్ భాషలోకి తెచ్చాడు, కొత్త నిబంధన 1661లో, మొత్తం బైబిల్ 1663లో అచ్చయ్యాయి. అమెరికా ఖండాల్లో అచ్చయిన మొట్టమొదటి పూర్తి బైబిల్ ఇంగ్లిష్‌ది కాదు, ఇదీ. ఎలియట్ పేరు అట్టమీద ఉంటుంది గానీ ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు పక్కన లేకుండా ఆ పని జరగదు. వాళ్లలో ఒకడు వావాస్ అనే నిప్‌మక్ జాతి కుర్రాడు, ప్రెస్సులో పని నేర్చుకుని అక్షరాలు పేర్చే కంపోజిటర్ అయ్యాడు, చివరికి జనం అతన్ని జేమ్స్ ప్రింటర్ అనే పిలిచారు, ఇంటిపేరే పనిపేరయింది. ఆ భాషలో ఫారాలు పేర్చి తప్పులు దిద్దగలిగినవాడు ఇతనొక్కడే ఉన్నాడని ఎలియటే తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు.

ఇప్పుడు మేరీ రోలండ్‌సన్ దగ్గరికి రండి. 1675లో మెటాకామ్ అనే వాంపనోగ్ నాయకుడి వెంట అక్కడి మూలవాసి జాతులు ఇంగ్లిష్‌వాళ్ల మీద యుద్ధానికి లేచాయి. 1676 ఫిబ్రవరిలో లాంకస్టర్ ఊరి మీద దాడి జరిగింది, పాదిరీ భార్య మేరీని, పిల్లల్ని పట్టుకెళ్లారు. ఆరేళ్ల కూతురు గాయంతో తొమ్మిది రోజులు తల్లి ఒళ్లోనే ఉండి చనిపోయింది. పదకొండు వారాల తర్వాత 20 పౌండ్లు ఇచ్చి విడిపించారు. 1682లో ఆవిడ పుస్తకం వచ్చింది. అధ్యాయాలకి బదులు ఇరవై మకాం మార్పులు, తెలుగులో అయితే ఇరవై మజిలీలు అనొచ్చు. కథ లేదని బాధపడుతున్నారు కదా, ఇది తీసుకోండి, ఊపిరాడదు.

ఎవరికి రాశారు అన్న ప్రశ్న ఇక్కడ వేస్తే తమాషాగా ఉంటుంది. పైకి ఇది పాదిరీల కోసం రాసిన పుస్తకం, కష్టం వచ్చింది, దేవుడు పరీక్షించాడు, కాపాడాడు, ప్రతి పేజీలో బైబిల్ వాక్యం. అడుగున ఆకలి ఉంటుంది. మొదటి వారం వాళ్ల తిండి ముట్టలేకపోయింది, మూడో వారానికి అదే అమృతం అంటుంది. ఒకచోట పసిపిల్లవాడు నమల్లేక చప్పరిస్తున్న గుర్రం కాలి ముక్కని వాడి చేతిలోంచి లాక్కుని తినేస్తుంది, రుచిగా ఉందని కూడా రాస్తుంది. పాదిరీ భార్య ఇది దాచుకోవచ్చు కదా, దాచలేదు. అందుకే ఈ పుస్తకం బతికింది. చివర్లో ఒకప్పుడు రాత్రంతా నిశ్చింతగా నిద్రపోయేదాన్ని, ఇప్పుడు అందరూ పడుకున్నాక నా కళ్లు మాత్రం తెరుచుకుని ఉంటాయి అంటుంది.

బందీగా ఉన్నప్పుడు ఆవిడ యజమానురాలు వీటమూ. పొగరుబోతు, మొహానికి రంగులు, మెడనిండా గొలుసులు, గంటలకొద్దీ ముస్తాబు అని మేరీ తిట్టిపోస్తుంది. అదే వాక్యాలు మేరీ కోపం తీసేసి చదవండి. వీటమూ పొకాసెట్ అనే జాతివాళ్లకి తనంతట తాను నాయకురాలు, యుద్ధం మధ్యలో తన హోదాకి తగ్గట్టు నలుగురికీ కనబడటం ఆవిడ పనిలో భాగం. మేరీకి తెలియకుండానే శత్రువు బొమ్మ గీసిపెట్టింది. మీరు అడిగిన మాటలు ఇలాంటి చోట్ల ఉంటాయి, తిట్ల లోపల.

ఇక జేమ్స్ ప్రింటర్. యుద్ధంలో అతను మెటాకామ్ వైపువాళ్ల మధ్యే ఉన్నాడు, క్షమాభిక్ష ప్రకటించాక తిరిగొచ్చి మళ్లీ కేంబ్రిడ్జ్‌లో ప్రెస్సులో చేరాడు. మేరీ పుస్తకం 1682లో అచ్చయిన ప్రెస్సుల్లో అదొకటి. ఆ ఫారాలకి అక్షరాలు పేర్చింది అతనేనని చరిత్రకారులు అంటారు. తన జాతిని రాక్షసులని తిట్టిన వాక్యాలని అక్షరం అక్షరం తలకిందులుగా పేర్చి ఉంటాడు. పెట్టెలో సీసం అక్షరాలు ఏరినవాళ్లకి తెలుస్తుంది, పేర్చేటప్పుడు మనసు పెట్టకుండా ఉండటం కుదరదు.

ఇంకో కొసరు. మసాచుసెట్ లేక వాంపనోగ్ భాష మాట్లాడేవాళ్లు వందేళ్లకి పైగా లేకుండా పోయారు. 1990ల్లో వాంపనోగ్ వాళ్లే మళ్లీ ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు వాళ్లకి పనికొచ్చిన పాత కాగితాల్లో ఎలియట్ బైబిలూ ఉంది. ఏ పుస్తకం ఎవరికోసం అచ్చయి చివరికి ఎవరికి చేరిందో చూడండి.

సొంత పేరుతో రాసినవాడు కావాలంటే సామ్సన్ ఆకమ్, మొహీగన్ జాతివాడు, పాదిరీ. ఉరిశిక్ష పడ్డ తోటి ఇండియన్ (అమెరికా మూలవాసులని అలాగే పిలిచేవారు) ముందు 1772లో చెప్పిన ప్రసంగం అచ్చయి బాగా అమ్ముడుపోయింది. దానికంటే నాకు ఇష్టమైంది 1768లో రాసుకున్న చిన్న ఆత్మకథ. పన్నెండేళ్ల చాకిరీకి నాకు 180 పౌండ్లిచ్చారు, వేరే చోట పెళ్లికాని మిషనరీ ఒకడికి, అతని దుబాసీకి, పరిచయం చేసినవాడికి కలిపి అంతే సొమ్ము ఒక్క ఏడాదికే ఖర్చు పెట్టారు, తేడా ఎందుకంటే నేను ఇండియన్ని కాబట్టి అని మొహమాటం లేకుండా లెక్క తేల్చేశాడు. ప్రసంగం వెంటనే అచ్చయింది, ఈ లెక్క మాత్రం 20వ శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

దక్షిణపు గాలి:

అందరూ న్యూ ఇంగ్లండ్ చుట్టూనే తిరుగుతున్నారు, ఇది నాకెప్పుడూ ఉన్న గొడవ. మొదటి సాహిత్యం అంటే 1607, 1620 ఎందుకవ్వాలి? కబేసా దె వాకా అనే స్పానిష్‌వాడు 1528లో ఫ్లోరిడాలో దిగిన దండులో ఒకడు, దండంతా నాశనమై చివరికి నలుగురు మిగిలారు, వాళ్లలో ఎస్తెబానికో అనే ఆఫ్రికన్ బానిస ఒకడు. ఎనిమిదేళ్లు నడిచి, బానిసలుగా బతికి, వ్యాపారం చేసి, వైద్యులుగా పేరు తెచ్చుకుని 1536లో మెక్సికో చేరారు. 1542లో ఆయన పుస్తకం అచ్చయింది. జయించడానికి వచ్చి బట్టల్లేకుండా మిగిలినవాడు రాజుగారికి రాసుకున్న సంజాయిషీ అది. రోలండ్‌సన్ కంటే 140 ఏళ్లు ముందు. ఇంగ్లిష్‌లో లేదు కాబట్టి ఇంగ్లిష్ సిలబస్ వెనక బెంచీలో వేసింది.

వర్జీనియాలో ఎందుకు తక్కువ రాశారనే దానికి ఒక కారణం అక్కడి గవర్నర్ బర్క్‌లీ నోటివెంటే ఉంది. మా దగ్గర ఉచిత బడులూ లేవు, అచ్చు యంత్రాలూ లేవు, దేవుడి దయ, ఇంకో వందేళ్లు రాకుండా ఉండాలి అని 1671లో లండన్‌కి రిపోర్టు పంపాడు. 1730 దాకా అక్కడ ప్రెస్సు కుదురుకోలేదు. మసాచుసెట్స్‌లో మాత్రం 1647లోనే యాభై ఇళ్లున్న ఊరు చదువు చెప్పేవాణ్ణి పెట్టుకోవాలని చట్టం చేశారు, అదీ పిల్లలు బైబిల్ చదవకపోతే సైతాను ఎత్తుకుపోతాడని. సాహిత్యం ఎక్కడ ఎక్కువ మిగిలిందో అక్కడే ఎక్కువ పుట్టిందని అనుకోకండి.

మూడో బెంచి:

దక్షిణపు గాలి గారి మాటకి నాదీ ఒక చెయ్యి. న్యూ ఇంగ్లండ్‌లోనే అయినా అందరూ మొహం ముడుచుకున్నవాళ్లు కాదు. థామస్ మోర్టన్ అని ఒకాయన బ్రాడ్‌ఫర్డ్ వాళ్ల ప్లిమత్ కాలనీకి దగ్గర్లో 1627లో ఎనభై అడుగుల స్తంభం పాతి, కొమ్ములు తగిలించి, ఇండియన్లతో కలిసి తాగి ఆడాడు, బ్రాడ్‌ఫర్డ్ వాళ్లు సైన్యాన్ని పంపి పట్టుకుని ఓడెక్కించేశారు. 1637లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకం వేసి పగ తీర్చుకున్నాడు, వాళ్ల సైనికాధికారి స్టాండిష్ పొట్టివాడని కెప్టెన్ రొయ్య అని పేరు పెట్టాడు. బ్రాడ్‌ఫర్డ్ వైపు కథ బ్రాడ్‌ఫర్డ్ చెప్పాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే పంచాయతీలో కూర్చున్నట్టుంటుంది. నేను ఈ యూనిట్ పాసయ్యింది ఈ కెప్టెన్ రొయ్య పుణ్యమే.

పాత అట్టల వాసన:

రొయ్యని మర్చిపోయినందుకు నా తప్పే.

నత్తనడక గారూ, ఒకటి గమనించండి. ఎవరికి రాశారు అన్న ప్రశ్నకి పక్కనే ఎవరు అచ్చు వేశారు, ఎప్పుడు వేశారు అని కూడా వేసుకోండి. బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి విప్లవం రోజుల్లో బోస్టన్ నుంచి మాయమై లండన్ బిషప్ గారి లైబ్రరీలో తేలింది, 1856లో గానీ పూర్తిగా అచ్చు కాలేదు, 1897లో తిరిగొచ్చింది. కొండమీది నగరం అంటూ అమెరికా నాయకులు ఇప్పటికీ వాడుకునే విన్‌త్రాప్ ప్రసంగం 1630 నాటిదే కానీ అచ్చయింది 1838లో. ఎడ్వర్డ్ టేలర్ అనే పల్లెటూరి పాదిరీ జీవితమంతా పద్యాలు రాసి పెట్టెలో పెట్టాడు, 1729లో పోయాడు, 1937లో యేల్ లైబ్రరీలో దొరికితే అప్పటికప్పుడు వలస కాలపు మహాకవి అయిపోయాడు. అంటే మీ యూనిట్‌లో ఉన్న సగం పుస్తకాలు ఆ కాలం జనం చదవనే లేదు. వాళ్లు చదివింది మూడో బెంచి గారు చెప్పిన నరకం పద్యం, పంచాంగాలు, ప్రసంగాలు. తొలి సాహిత్యం అనే వరసని 19, 20 శతాబ్దాలవాళ్లు తమకి కావలసినట్టు పేర్చుకున్నారు. మొదట పుట్టాయని ముందు కూర్చోబెట్టారా అని అడిగారు కదా, చాలావాటిని తర్వాత తెచ్చి ముందు కూర్చోబెట్టారు.

ఇంకో పేరు చెప్పి ఆపేస్తాను. ఫిలిస్ వీట్లీ. 1761లో ఏడేళ్ల పిల్లగా ఆఫ్రికా నుంచి బోస్టన్‌కి తెచ్చి అమ్మారు. ఫిలిస్ అనేది తెచ్చిన ఓడ పేరు, వీట్లీ అనేది కొన్నవాళ్ల ఇంటిపేరు. పద్యాల పుస్తకం బోస్టన్‌లో వేద్దామంటే కుదరలేదు, 1773లో లండన్‌లో వచ్చింది. ముందు పేజీల్లో ఇవి ఈ పిల్లే రాసిందని గవర్నర్‌తో సహా పద్దెనిమిది మంది పెద్దమనుషులు సంతకాలు పెట్టిన సాక్ష్యం ఉంటుంది. బ్రాడ్‌స్ట్రీట్ పుస్తకానికి మరిదిగారి ముందుమాట ఒక్కటి సరిపోయింది, ఈమెకి పద్దెనిమిది మంది కావలసి వచ్చారు. ఆ సంతకాల పేజీ మీ సిలబస్‌లో ఉండదు, వెతికి చదవండి.

నత్తనడక చదువరి:

అందరికీ చాలా థాంక్స్. ఒక్కొక్కరికీ వేరేగా జవాబు రాయాలనుంది గానీ నెలాఖరు పని.

చెక్క అక్షరాలు గారు చెప్పిన మజిలీలు మొదలుపెట్టాను. ఇవాళ ఎనిమిదో మజిలీలో ఉన్నాను. మెటాకామ్ కొడుక్కి మేరీ చొక్కా కుడితే ఆయన ఒక షిల్లింగు ఇస్తాడు, ఆవిడ దాన్ని యజమానికి ఇవ్వబోతే నువ్వే ఉంచుకో అంటాడు, దాంతో గుర్రం మాంసం కొనుక్కుంటుంది. తర్వాత టోపీ కుడితే మెటాకామ్ భోజనానికి పిలిచి రెండు వేళ్లంత అట్టు పెడతాడు, ఎలుగుబంటి కొవ్వులో వేయించింది, జీవితంలో ఇంత రుచైనది తినలేదని రాసింది. ఊరు తగలబెట్టించిన మనిషి, ఊరు పోయిన మనిషి, మధ్యలో కుట్టుపని, కూలి, భోజనం. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మా సిలబస్‌లో ఈవిడ లేదు. అయినా పూర్తి చేశాకే విన్‌త్రాప్ దగ్గరికి వెళ్తాను. ఆయన ప్రసంగం మీద పది మార్కుల ప్రశ్న గ్యారంటీ అంటున్నారు, ఆదివారం జవాబు రాసి ఇక్కడ పెడతాను, 1838 సంగతి అందులో రాస్తే మార్కులు పడతాయా, పోతాయా?

మూడో బెంచి:

దిద్దేవాళ్లని బట్టి ఉంటుంది. రాసేయండి.